మా ఇంటి పన్నును తిరిగి మదింపు చేయించుకున్నప్పుడు తెలుసుకున్న సంగతులు

పద్మారావు నగర్‌లో నాన్నగారు కట్టించిన ఇంటి మీద మేము మొదటి అంతస్తు వేసుకున్నాము. అనుమతి ప్రకారమే పని పూర్తయిందని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా చేతికి వచ్చాక, ఇంటి పన్నును తిరిగి మదింపు చేయించుకోవలసి వచ్చింది. ఆ పని ముగిసేలోగా పన్ను లెక్క ఎలా కడతారో, ఒక్క ఇంటికి మదింపు మారడానికీ ఊరంతటికీ విలువలు మార్చడానికీ తేడా ఏమిటో నాకు బాగా తెలిసివచ్చింది. హైదరాబాదులో ఇంటి పన్ను పెంచబోతున్నారన్న మాట తరచూ వినిపిస్తున్న ఈ రోజుల్లో ఇది సొంత ఇల్లున్న ప్రతి ఒక్కరికీ అక్కరకు వచ్చే విషయం కనుక వివరంగా రాస్తున్నాను.

దరఖాస్తు పెద్ద కష్టం కాలేదు. ఇంటికి ముందే పిటిన్ నంబరు (పన్ను రికార్డులో ఒక్కో ఇంటికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంది కనుక కొత్త మదింపు అక్కర్లేదని, ఉన్నదాన్నే సవరిస్తారని చెప్పారు. రిజిస్టర్డ్ డాక్యుమెంటు, ఇంటి అనుమతి పత్రం, ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, చివరిసారి పన్ను కట్టిన రసీదు జతచేసి సర్కిల్ కార్యాలయంలో ఇచ్చాను. ఆ రసీదు కోసం నాన్నగారి ఫైలు తీసినప్పుడు పాత ఎంసీహెచ్ (హైదరాబాదు నగరపాలక సంస్థ) కాలం నాటివి కూడా కట్టగా దొరికాయి. చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు దానితో కలిసి 2007లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ) ఏర్పడక ముందు నుంచీ ఒక్క రసీదు కూడా పోకుండా ఆయన దాచారు. వరుసగా పేర్చి చూస్తే ఏళ్ళ తరబడి అదే అంకె కనిపించింది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

కొలతలకు వచ్చిన ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ మా పెద్దబ్బాయి ఈడువాడు. గోడకు ఆనించి మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్క పడి దూరం చెప్పే చిన్న పరికరం ఒకటి, టేపు ఒకటి తెచ్చుకున్నాడు. నేను గదుల లోపలి కొలతలు ముందే కాగితం మీద రాసి ఉంచాను. అతను ఆ కాగితాన్ని మర్యాదగా చూసి, "ఇవి కార్పెట్ ఏరియా మేడమ్. పన్నుకు ప్లింత్ ఏరియా తీసుకుంటాం, గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు" అన్నాడు. ఇంటి చుట్టూ టేపు పట్టుకుని నడిచాము. మా పాత గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. ఆ మందమంతా లెక్కలోకి వస్తుంది. బాల్కనీ వస్తుంది, కారు పెట్టుకునే కప్పు కింది చోటు వస్తుంది. నేను రాసుకున్న అంకెకూ అతను వేసిన అంకెకూ వచ్చిన తేడా ఇంచుమించు ఒక గదంత ఉంది. ఎవరైనా తమ ఇంటి పన్నును సరిచూసుకోవాలంటే మొదట ఈ కొలత దగ్గరే మొదలుపెట్టాలి.

కొన్నాళ్ళకు కొత్త మదింపు నోటీసు వచ్చింది. అందులోని మొత్తాన్ని చూసి కంగారుపడేకంటే అది ఎలా వచ్చిందో తెలుసుకోవడం మేలనిపించి, రాత్రి భోజనాలయ్యాక పుస్తకం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. హైదరాబాదులో నివాస గృహానికి పన్ను వేసేటప్పుడు అమ్మకం ధరతో పని లేదు. ఆ ప్రాంతానికి, ఆ రకం కట్టడానికి చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె వస్తుందని ముందే ప్రకటించిన రేటు ఒకటి ఉంటుంది. ప్లింత్ ఏరియాను ఆ రేటుతో గుణిస్తే నెలసరి అద్దె విలువ, దాన్ని పన్నెండుతో గుణిస్తే ఏడాది అద్దె విలువ వస్తుంది. అందులో తరుగుదల కింద 10 శాతం తీసివేసి, మిగిలినదాని మీద పన్ను శాతం కట్టి, ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలుపుతారు.

లెక్క తేలికగా ఉండేందుకు రేటు చదరపు అడుగుకు ఒక్క రూపాయి, ఇల్లు 1,000 చదరపు అడుగులు అనుకుందాం. ఏడాది అద్దె విలువ 12,000 రూపాయలు. పది శాతం పోగా 10,800. ఇంత అద్దె విలువకు పడే పన్ను 30 శాతం, అంటే 3,240. సెస్సు 259 రూపాయల 20 పైసలు. మొత్తం 3,499 రూపాయల 20 పైసలు. అంటే చదరపు అడుగుకు, రేటులోని ఒక్కో రూపాయికి ఏడాదికి మూడున్నర రూపాయల పన్ను అన్నమాట. వాణిజ్య భవనాలకు విస్తీర్ణాన్ని రేటుతోను, మూడున్నరతోను గుణించమని చెప్పే సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ రాత్రే అర్థమైంది. పన్నెండు నెలలు, తరుగుదల, ముప్పై శాతం, సెస్సు అన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి.

మా నోటీసులో కొత్త అంతస్తు లెక్క సరిగ్గానే ఉంది. కింది భాగంలో మాత్రం ముందు గదిని నివాసేతరం కింద చూపించారు. నాన్నగారు చాలా ఏళ్ళ క్రితం ఆ గదికి షట్టర్ పెట్టించి కిరాణా కొట్టుకు అద్దెకిచ్చారు. కొట్టు ఖాళీ అయ్యాక అది అమ్మ పడక గది అయింది. షట్టరు పోయి కిటికీ వచ్చింది కానీ రికార్డులో వాడకం మారలేదు. చిన్న గదే కదా అనిపిస్తుంది. కానీ నివాసేతర రేటు నివాసపు రేటుకు ఎన్నో రెట్లుంటుంది. ఉదాహరణకు 120 చదరపు అడుగుల గదికి రూపాయి రేటు మీద ఏడాదికి 420 రూపాయలు పడితే, ఎనిమిది రూపాయల రేటు మీద 3,360 పడుతుంది. ఒక్క గది మొత్తం ఇంటి పన్నును తారుమారు చేయగలదు.

నోటీసులో చెప్పిన గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాను. గది ఫోటోలు, ఆ గదికి విడి కరెంటు మీటరు లేదని చూపే బిల్లు, అమ్మ మంచం కనిపించేలా తీసిన ఒక చిత్రం జతచేశాను. మళ్ళీ తనిఖీకి వచ్చారు, చూశారు, వాడకాన్ని నివాసంగా మార్చి సవరించిన మదింపు ఇచ్చారు. అభ్యంతరాన్ని తోసిపుచ్చినా దారి మూసుకుపోదు. సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. మా విషయంలో అంతదూరం పోవలసిన అవసరం రాలేదు. ఇలాంటి పని పడినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే: పన్ను ఎక్కువగా ఉందని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. కొలత తప్పనో, వాడకం తప్పనో, కట్టడం రకం తప్పనో ఆధారంతో రాస్తేనే దాన్ని చూసి సరిచేసే వీలు అధికారికి ఉంటుంది.

ఇక నాన్నగారి రసీదుల సంగతి. అంకె ఎందుకు మారలేదంటే నగరంలో నివాస గృహాల అద్దె విలువల రేట్లను చివరిసారిగా సవరించింది 2002లో. వాణిజ్య భవనాలవి 2007లో. ఆ తరువాత నగరం ఎంత మారిందో చెప్పనక్కర్లేదు. మా వీధిలోనే రెండు ఇళ్ళ స్థలాలు కలిపి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. అందులో ఫ్లాటు ధర విన్నప్పుడు అమ్మ నమ్మలేదు. కానీ పన్ను లెక్కలో ఆ ఫ్లాటుకు, మా ఇంటికి చదరపు అడుగు రేటు అదే పాత రేటు. దానికి తోడు, కొత్తగా కట్టినవాటిని బాల్కనీ, పార్కింగుతో సహా ఈ మధ్యే కొలిచారు. పాత ఇళ్ళలో చాలావాటికి ఎప్పుడో వేసిన కొలతలే కొనసాగుతున్నాయి. ఒకే వీధిలో ఒకే పరిమాణం ఉన్న రెండు ఇళ్ళకు రెండు రకాల పన్ను ఉండటానికి కారణం ఇదే. ఎదురింటి పెద్దాయన తన రసీదు తెచ్చి నాకు చూపించి, "మీకింత, నాకింతేనా అమ్మా!" అని ఆశ్చర్యపోయారు. ఆయన ఇల్లు మా కింది భాగం కంటే పెద్దదే.

ఈ సంగతులన్నీ ఫోనులో చెబుతుంటే అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉంటున్న మా తమ్ముడు, "మా ఊళ్ళోనూ మొన్ననే అన్ని ఇళ్ళకూ విలువలు మార్చారు అక్కా" అన్నాడు. అక్కడ ప్రతి ఊరూ అయిదేళ్ళకోసారి ఊళ్ళోని ఆస్తులన్నిటి విలువను తిరిగి కట్టాలని చట్టం. అక్టోబరు 1 నాటి మార్కెట్ విలువలో 70 శాతాన్ని పన్ను విలువగా తీసుకుంటారు. ఆ విలువలో వెయ్యి డాలర్లకు ఇన్ని డాలర్లని ఊరి బడ్జెట్టును బట్టి ఏటా రేటు నిర్ణయిస్తారు. వాడి ఇంటి విలువ బాగా పెరిగిందని ఉత్తరం వచ్చిన రోజు వాడూ బెంగపడ్డాడట. కానీ విలువ రెట్టింపైనంత మాత్రాన పన్ను రెట్టింపు కాదు. ఊరికి కావలసిన డబ్బు ముందే తేలి ఉంటుంది కనుక, అందరి విలువలూ పెరిగితే రేటు దానంతట అదే తగ్గాలి.

ఆ రోజు వాడు చెప్పిన లెక్కను నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. ఊళ్ళో పది ఇళ్ళు, ఒక్కొక్కటి రెండు లక్షల డాలర్లు, ఊరికి కావలసింది 40,000 డాలర్లు అనుకుంటే ఒక్కో ఇంటికి నాలుగు వేలు పడుతుంది. కొత్త విలువల్లో తొమ్మిది ఇళ్ళు మూడు లక్షలకు, ఒక్క ఇల్లు నాలుగు లక్షలకు చేరాయనుకుందాం. ఊరు వసూలు చేసేది అదే 40,000. ఆ తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరు సుమారు 3,871 డాలర్లు కడితే, మిగిలిన ఇల్లు 5,161 కడుతుంది. తొమ్మిది ఇళ్ళ విలువ ఒకటిన్నర రెట్లయినా పన్ను తగ్గింది. పెరిగిందల్లా ఊరి సగటును మించి విలువ పెరిగిన ఆ ఒక్క ఇంటికే. మా తమ్ముడిది ఆ పదో ఇంటి పరిస్థితి. అక్కడ ఇళ్ళ ధరలు పెరిగినంతగా దుకాణాలు, ఆఫీసు భవనాల ధరలు పెరగకపోవడంతో భారం కొంత ఇళ్ళ వైపు ఒరిగింది. దాన్ని ప్రశ్నించడానికి ముందు విలువ కట్టినవాళ్ళతో మాట్లాడే అవకాశం, తరువాత ఊరి అప్పీళ్ళ బోర్డుకు వెళ్ళే అవకాశం ఉన్నాయట.

ఇక్కడ నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఒకటి ఉంది. విలువలు మారాక రేటును దించే ఆ రెండో మెట్టు మన దగ్గర లేదు. పన్ను శాతం కదలకుండా ఉండిపోయిన అంకె. ఊరికి ఎంత కావాలో చూసి ఏటా దాన్ని దించేవాళ్ళు ఎవరూ లేరు. అద్దె విలువ రేటు రూపాయి నుంచి రెండు రూపాయలైతే నేను పైన చెప్పిన ఇంటికి పన్ను 3,499 నుంచి సూటిగా 6,998 అవుతుంది. వసూలయ్యే మొత్తం మారకుండా న్యాయం మాత్రమే జరగాలంటే 30 శాతాన్ని 15 శాతానికి తేవాలి. ఆ పని చేయకుండా విలువలు మాత్రం సవరిస్తే అది పన్ను పెంపే అవుతుంది తప్ప పునర్మదింపు కాదు.

అంతకంటే ముఖ్యమైనది చిన్న ఇళ్ళ సంగతి. మా ఇంట్లో చాలా కాలంగా వంట చేస్తున్న ఆవిడకు వారాసిగూడలో రెండు చిన్న గదుల సొంత ఇల్లుంది. మా నోటీసు గొడవ చూసి తన రసీదు కూడా తెచ్చి, "మాదీ పెరుగుతుందా అమ్మా?" అని అడిగింది. ఆమె కట్టేది 101 రూపాయలు. ఏడాది పన్ను 1,200 రూపాయల లోపు ఉన్న నివాసాలకు 101 రూపాయలే తీసుకునే రాయితీ వల్ల అది. నేను ఆమె ఇంటిని 280 చదరపు అడుగులుగా, రేటును మళ్ళీ రూపాయిగా అనుకుని లెక్క వేశాను. పన్ను శాతం అందరికీ ముప్పై కాదు. నెలసరి అద్దె విలువ 50 రూపాయల వరకు ఉంటే పన్నే లేదు. 51 నుంచి 100 వరకు 17 శాతం, 101 నుంచి 200 వరకు 19 శాతం, 201 నుంచి 300 వరకు 22 శాతం, ఆపైన 30 శాతం. ఆమె ఇంటి నెల విలువ 280 రూపాయలు కనుక 22 శాతం మీద, సెస్సుతో కలిపి 718 రూపాయలు అవుతుంది. 1,200 లోపే కనుక 101తో సరిపోతుంది.

రేటు రెండు రూపాయలైతే నెల విలువ 560. అప్పుడు ఆమె 30 శాతం మెట్టు ఎక్కుతుంది. పన్ను 1,959 రూపాయలు అవుతుంది. రేటు రెండింతలైతే పన్ను రెండింతలకు ఆగలేదు, రెండున్నర రెట్లు దాటింది. పైగా 1,200 గీత దాటింది కనుక రాయితీ పోయింది. 101 కట్టే చోట 1,959 కట్టాలి. నా ఇల్లు రెట్టింపు దగ్గర ఆగితే ఆమె ఇల్లు పంతొమ్మిది రెట్లు దాటింది. ఈ అంకె చూసి నేను మళ్ళీ మొదటి నుంచి లెక్క వేశాను. మారలేదు. ఎప్పుడో పెట్టిన ఆ 50, 100, 300 రూపాయల మెట్లను, ఆ 1,200 గీతను కదపకుండా అద్దె విలువలు మాత్రమే పెంచితే పెద్ద దెబ్బ తగిలేది అందరికంటే చిన్న ఇంటికి. ఈ విషయం గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

చాలా ఏళ్ళు ఆగి ఒక్కసారిగా మార్చితే ఏమవుతుందో పక్క రాష్ట్రాల్లో చూశాము. చెన్నైలో 1998 తరువాత సాధారణ సవరణ జరిగింది 2022లోనే. పాత నగరపాలక ప్రాంతంలో 600 చదరపు అడుగుల లోపు ఇళ్ళకు 50 శాతం, 1,200 వరకు 75 శాతం, 1,800 వరకు 100 శాతం, ఆపైన 150 శాతం పెంచారు. భారం పెద్దదే అయినా చిన్న ఇంటికి తక్కువ, పెద్ద ఇంటికి ఎక్కువ అన్న వరుసను పాటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ పద్ధతి నుంచి ఆస్తి మూలధన విలువ పద్ధతికి మారినప్పుడు, కొత్త పన్ను ఎంత తేలినా ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని హద్దు పెట్టారు. విజయవాడలో మా పిన్నివాళ్ళు ఏటా పెరుగుతోందని విసుక్కుంటారు కానీ, ఒకేసారి మీద పడలేదు కదా అని కూడా వాళ్ళే అంటారు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా హైదరాబాదులో మధ్యతరగతివాళ్ళు, పింఛను మీద బతికేవాళ్ళు తట్టుకోలేరు.

2024లో మొదలైన జీఐఎస్ సర్వే (కట్టడాలను మ్యాపు మీద నమోదు చేసే సర్వే) గురించి కూడా చాలామందికి అపోహ ఉంది. పైన డ్రోన్లతో ఫోటోలు తీసి, కింద ఇంటింటికీ వచ్చి అంతస్తులు, విస్తీర్ణం, వాడకం నమోదు చేసుకునే ఆ సర్వే అద్దె విలువ రేటును ముట్టుకోదు. అది కొలతలను సరిచేస్తుంది. రికార్డుల్లో ఒక అంతస్తు మాత్రమే ఉన్న మూడంతస్తుల ఇంటికి, ఇల్లని రాసి ఉన్న హాస్టలుకు దాని వల్ల పన్ను పెరుగుతుంది, పెరగాలి కూడా. ఎవరి కొలతలు సరిగ్గా ఉన్నాయో వాళ్ళకు దానితో భయం లేదు. నా ఉద్దేశంలో ఈ కొలతల పని అంతా పూర్తయి, దాని వల్ల ఎంత ఆదాయం వస్తుందో తేలాకే రేట్ల మాట ఎత్తాలి. తప్పించుకున్నవాళ్ళ వాటా రికార్డులోకి ఎక్కితే, ఇప్పటికే సక్రమంగా కడుతున్నవాళ్ళ మీద వేయవలసింది ఎంతో తగ్గవచ్చు.

ఇంకొక వింత ఖాళీ స్థలాలది. వాటి మీద పన్ను అద్దె విలువను బట్టి కాక రిజిస్ట్రేషన్ విలువలో అర శాతంగా పడుతుంది. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలను 2021 జులైలోను, 2022 ఫిబ్రవరిలోను పెంచారు కనుక ఖాళీ స్థలం పన్నుకు ఆధారమైన విలువ ఆ మేరకు పెరిగింది. దాని పక్కనే ఉన్న ఇంటికి మాత్రం 2002 నాటి రేటే. ఒకే నగరంలో, ఒకే వీధిలో రెండు కాలాల విలువలు నడుస్తున్నాయి.

మా సవరించిన పన్నును ఏప్రిల్ నెలలోనే మొత్తం ఏడాదికి కట్టి 5 శాతం రాయితీ తీసుకున్నాము. గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున అపరాధ రుసుము పడుతుంది. బకాయిల మీద వడ్డీలో 90 శాతం మాఫీ చేసే పథకాలు కొన్ని ఏళ్ళలో వచ్చాయి కానీ, అవి వస్తాయని ఎదురుచూడటం మంచిది కాదు. కట్టిన తరువాత మా కాలనీ సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారుచేసి, ఎదురింటి పెద్దాయనతో సహా అందరి సంతకాలు తీసుకున్నాము. ముందుగా కొలతలు పూర్తి చేయాలని, ప్రాంతాలవారీగా పాత రేటూ కొత్త రేటూ పక్కపక్కనే ప్రకటించి అభ్యంతరాలకు తగినంత గడువు ఇవ్వాలని, విలువలు పెంచిన రోజే శాతాల మెట్లను, 1,200 రూపాయల గీతను కూడా అదే నిష్పత్తిలో జరపాలని, ఏడాదికి పెరిగే మొత్తానికి హద్దు పెట్టాలని అందులో కోరాము. 280 చదరపు అడుగుల ఇంటి లెక్కను నేను విడిగా ఒక పేజీలో అంచెలంచెలుగా రాసి దానికి జతచేశాను. వారాసిగూడలోని బస్తీవాళ్ళు కూడా అదే పేజీ ప్రతిని అడిగి తీసుకుని, తమ పేరున వేరుగా ఇచ్చారు.